మూడో మలుపు దగ్గర ఎర్రగీత

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడిగితే నా జవాబు చిన్నది. అప్పటికి నాకు రాయడం రాదు, చదవడమూ రాదు. అరవై దగ్గర పడుతుండగా బలపం పట్టుకున్నాను. మధ్యలో ఒకాయన "మీరు చెప్పండి, నేను రాస్తాను" అంటే చెప్పాను. ఆయన రాసుకొచ్చి చదివి వినిపిస్తే అందులో తెల్లచీర కట్టుకున్న మనిషి ఒకామె వచ్చింది. నేను చెప్పినదాంట్లో అలాంటి మనిషి ఎవరూ లేరు. అందుకని నా చేత్తో నేను రాసుకునేదాకా ఆగాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా పేట పక్కనే సమాధుల తోట ఉండేది. చిన్నప్పుడు ఆ సమాధుల మీద కూర్చునే చింతకాయలు తిన్నాం. మాది ప్రార్థన చేసుకునే కుటుంబం. చనిపోయినవాళ్ళు ఎక్కడుంటారో మాకు చిన్నప్పుడే చెప్పారు, రోడ్ల మీద ఉంటారని మాత్రం చెప్పలేదు. పైగా నేను రాయబోయేది చీకట్లో జరిగింది కాదు. పట్టపగలు, ఎండలో, నలుగురి ముందు జరిగింది.

ఐ.పోలవరం దగ్గర ఒక రాజుగారికి రొయ్యల చెరువులు ఉండేవి. వరసగా తెగులు వచ్చి రొయ్య పోయాక ఆయన చెరువులు పూడ్పించి, అక్కడ మెలికలు తిరిగే తారు రోడ్డు వేయించారు. కార్ల పందేలకు వెళ్ళేవాళ్ళు ప్రాక్టీసు చేసుకునే ట్రాక్ అది. వయసులో ఉన్నప్పటినుంచీ ఆయనకు కార్ల పిచ్చి. ఊరంతా నవ్వింది. "కోడిపందేల కంటే ఇది నయం కదే రత్నం" అన్నారు రాజుగారు నాతో ఒకసారి.

"కోడయితే ఓడిపోయినా కూరకి పనికొస్తదండి" అన్నాను.

ఆయన నవ్వి, ట్రాక్ పక్కన టిఫిను పాక వేసుకోమని చోటు చూపించారు. మా ఆయన పోయాక రాజోలు వైపు నుంచి పుట్టింటి ఊరికి వచ్చేసిన నాకు అదే ఆధారం అయింది.

మా తమ్ముడి కూతురు షారోను డిగ్రీ అయ్యాక నా దగ్గరే ఉండేది. తమ్ముడు అమలాపురంలో స్కూలు బస్సు నడుపుతాడు. ఆ పిల్లకు స్టీరింగు అక్కణ్ణుంచే వచ్చిందంటారు. పొద్దున్నే పాక ముందున్న నల్లబల్ల మీద ఆ రోజు టిఫిన్లేమిటో సుద్దముక్కతో రాసి, తర్వాత ట్రాక్ మీదకు వెళ్ళేది. మొదట్లో కార్లు తుడిచింది, తర్వాత నడిపింది. ఆరు నెలలు తిరిగేసరికి రాజుగారు పెట్టుకున్న కోచ్ శ్రీనివాస్ గారు ఆ పిల్లను పందేలకు పనికొచ్చే మనిషిగా చూడడం మొదలుపెట్టారు. ఆయన కొత్తపేట మనిషే. చాలా ఏళ్ళు బయట పందేలలో నడిపి, నడుము దెబ్బ తిని వచ్చేశారు.

ఆయన తెచ్చిన యంత్రం గురించి చెప్పాలి. సబ్బు పెట్టె కంటే చిన్నది. దాన్ని లాగర్ అంటారు. కారు అద్దం దగ్గర అంటిస్తారు. పైన తిరిగే ఉపగ్రహాలతో మాట్లాడుకుంటూ, కారు ఏ క్షణాన ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో, మనం కన్నుమూసి తెరిచేలోగా ఎన్నోసార్లు రాసిపెట్టుకుంటుంది. కారు ఆగాక దాన్ని లాప్‌టాప్‌కి తగిలిస్తే గీతలు వస్తాయి. ఒక గీత వేగానిది. నిదానంగా పైకి లేస్తే కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నట్టు, నిట్టనిలువునా పడితే బ్రేకు తొక్కినట్టు. ఇంకో గీత కారు నడిచిన దారిది. ఆకాశం నుంచి తీసిన ట్రాక్ బొమ్మ మీద అది సన్నగా పరుచుకుంటుంది.

అక్షరాల కంటే ముందు నాకు ఆ గీతలు చదవడం వచ్చింది. షారోనే నేర్పింది. టీ గ్లాసులు ఇచ్చే వంకతో వెళ్ళి వెనకాల నిలబడేదాన్ని. ఎవరు భయపడి ముందే కాలు తీసేశారో, ఎవరు మొండిగా చివరిదాకా ఉంచారో గీతలో కనిపించేది. కారు దిగినవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు, టైరు బాగాలేదని, ఎండ కళ్ళలో పడిందని. గీత ఏమీ చెప్పదు, ఉన్నది చూపిస్తుంది. రాజుగారి గీత అయినా, పని కుర్రాడి గీత అయినా దానికి ఒకటే. ఆ యంత్రమంటే నాకు అప్పుడూ గౌరవమే, ఇప్పుడూ గౌరవమే.

షారోను గీత చూస్తుంటే నాకు కడుపు నిండేది. తడబాటు ఉండేది కాదు. మంచి దర్జీ వేసిన కుట్టులా ప్రతి రౌండూ ముందు రౌండు మీదే పడేది.

ఆ ఏడు వానలు వెళ్ళాక రాజుగారు ఒక మాట అన్నారు. కోయంబత్తూరులో జరిగే పోటీలకు తన ఖర్చుతో ఒక్కరిని పంపిస్తారట. మిగిలింది ఇద్దరు. షారోను, కార్తీక్. కార్తీక్ మురమళ్ళ కుర్రాడు, చేపల వ్యాను నడుపుతూ నేర్చుకున్నాడు. నోరు ఎక్కువైనా మంచివాడు. శనివారం ఇద్దరూ నడపాలి, ఎవరు ముందుంటే వాళ్ళు వెళతారు. షారోనుకు ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఈ అవకాశం పోతే స్టీరింగు వదిలేస్తానని వాళ్ళ నాన్నకు మాట ఇచ్చేసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

గొడవ ఆ వారంలోనే మొదలైంది.

శ్రీనివాస్ గారు ఇద్దరి దారులనూ ఒకే బొమ్మ మీద వేశారు. కార్తీక్‌ది నీలం గీత, షారోనుది ఎరుపు. ట్రాకంతా రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మూడో మలుపు దగ్గర మాత్రం నీలం గీత లోపలి అంచును తాకుతూ పోయింది, ఎర్రగీత పొట్ట ఉబ్బినట్టు బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చింది. మిగతా ట్రాక్ మీద సంపాదించిందంతా ఆ పిల్ల అక్కడే పోగొట్టుకుంటోంది.

"ఇక్కడ బయటికి ఎందుకెళ్తున్నావమ్మా?" అని అడిగారాయన.

"వెళ్ళట్లేదండి. లోపలి అంచు పట్టుకునే తిప్పేను."

"గీత చూడు."

ఆ పిల్ల చూసింది. మొహం చిన్నబోయింది. మళ్ళీ వెళ్ళి నడిపింది. మళ్ళీ అదే పొట్ట. ఎన్నిసార్లు నడిపినా అదే.

శ్రీనివాస్ గారు తొందరపడి మనుషుల మీద తప్పు వేసే రకం కాదు. ముందు యంత్రాన్నే అనుమానించారు. ఆ మలుపు పక్కన కొబ్బరిచెట్లు ఉన్నాయి. మట్టలు అడ్డొస్తే ఒక్కోసారి ఉపగ్రహాల లెక్క తప్పుతుందట. ఇద్దరి లాగర్లూ మార్చారు. పొట్ట షారోనుకే వచ్చింది. కార్లు మార్చారు. కార్తీక్ ఆమె కారులోనూ లోపలి అంచునే వెళ్ళాడు. ఆమె అతని కారులోనూ బయటికే వెళ్ళింది.

"కొబ్బరిచెట్లకి నేనంటే ఇష్టమండి, షారోను అంటే కోపం" అన్నాడు కార్తీక్ నా దగ్గర ఇడ్లీ తింటూ.

"నీ మీద కాయ పడ్డాక తెలుస్తదిలే" అంది షారోను. నవ్వలేదు.

తర్వాత ఆయన మలుపు లోపలి అంచున ఎర్ర ప్లాస్టిక్ కోను ఒకటి పెట్టి, దాని పక్కనే నిలబడ్డారు. షారోను వచ్చి వెళ్ళింది. కోనుకూ కారుకూ మధ్య రెండు బారల దూరం ఉందన్నారాయన. ఆ పిల్ల దిగి వచ్చి, కోను తన ముందు చక్రం పక్కనుంచే పోయిందని, ఇంకొంచెమైతే తగిలేదని చెప్పింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. చెప్పి లాభం లేదని కూడా దానికి తెలుసు, గీత ఎదురుగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం శ్రీనివాస్ గారు పక్క సీట్లో ఎవరైనా కూర్చుని కోను చూడాలన్నారు.

"నేను కూర్చుంటే చెడగొట్టేనంటారండి" అని కార్తీక్ తప్పుకున్నాడు. పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. ఆయన నా వైపు చూశారు. "రత్నమ్మగారూ, మీరు కూర్చుంటారా? మెల్లగానే నడుపుద్ది."

"ఆయ్, కూర్చుంటానండి" అన్నాను. నెత్తికి హెల్మెట్ పెట్టారు, భుజాల మీదుగా బెల్టులు బిగించారు. అంతకుముందు ఎప్పుడూ ఆ కారు ఎక్కలేదు. ట్రాక్ మధ్యలోకి కూడా ఎప్పుడూ వెళ్ళలేదు, నా పని పాక వరకే.

మొదటి మలుపు, రెండో మలుపు మామూలుగానే వెళ్ళాం. మూడోది వచ్చింది. నేను కోను మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కోను నా కిటికీ పక్కనుంచి పోయింది. అద్దం లేకపోతే చెయ్యి చాపి ముట్టుకునేదాన్ని. దాని మీద అంటిన తారు మరక కూడా కనిపించింది. ఇది నేను ఎవరిముందైనా చెబుతాను.

మలుపు దాటాక షారోను అడిగింది. "అత్తా, కాళ్ళెందుకు పైకి పెట్టేవు?"

అప్పుడు చూసుకున్నాను. నా రెండు కాళ్ళూ సీటు మీద ఉన్నాయి. మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు.

కారు ఆగేలోగానే నాకు గుర్తొచ్చింది, ఎక్కడ అలా పెట్టేదాన్నో.

మా నాన్న పేరు దావీదు. రాజుగారి నాన్నగారి హయాంలో కొబ్బరికాయల పడవ నడిపేవాడు. గోదావరి నుంచి లోపలికి ఒక పాయ వచ్చేది. ఆ పాయలో ఒకచోట మలుపు, మలుపు లోపలివైపు సుడి. నాన్న వాళ్ళ అన్నయ్య అక్కడే పడవతో సహా పోయాడు. నాన్న అక్కడికి రాగానే గెడతో పడవను బయటి ఒడ్డుకు తోసి, చుట్టూ తిప్పి, సుడి దాటాక మళ్ళీ దారిలోకి తెచ్చేవాడు. ఆ తోపుకు పడవ ఒరిగి అడుగు చెక్కల మీద నీళ్ళు చిమ్మేవి. అందుకని ముందే "కాళ్ళు పైకి" అనేవాడు. పడవలో ఉన్నవాళ్ళం అందరం కాళ్ళు పైకి పెట్టుకుని, దాటేదాకా మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం. నాకు పదేళ్ళ వయసులో ఆ పడవ అమ్మేశారు. పాయ పూడిపోయి పొలం అయింది. నేను పెళ్ళయి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి అంతా చెరువులు, గట్లు. ఆ పాయ ఎక్కడ ఉండేదో నేనే గుర్తుపట్టలేకపోయాను.

కారు దిగి లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాను. శ్రీనివాస్ గారు అప్పటికే గీత తీశారు. "మళ్ళీ రెండు బారలండి" అన్నారు. కోను పక్కనుంచే పోయిందని నేను చెబితే, ఆయన నన్నూ షారోనునూ మార్చి మార్చి చూశారు. తర్వాత ట్రాక్ బొమ్మ తీసేసి, ఆ పిల్ల వారమంతా నడిపిన దారులన్నీ ఒకదాని మీద ఒకటి వేసి, ఉత్త తెల్లటి తెర మీద చూపించారు. మూడో మలుపు ఒక్కటే, పెద్దదిగా.

నాకు వీపు జలదరించింది. భయంతో కాదు. ఆ గీతను చిన్నప్పుడు నేను కళ్ళతో చూడలేదు, వీపుతో చూశాను. నిద్రపట్టని రాత్రుళ్ళు నాన్న నన్ను బోర్లా పడుకోబెట్టి, పాయ దారినంతా నా వీపు మీద వేలితో గీసేవాడు. "ఇక్కడ లాకు. ఇక్కడ కొబ్బరితోట. ఇక్కడ పెదనాన్న. పెదనాన్న దగ్గర ఇలా చుట్టూ పోవాలి." ఆ చుట్టూ తిప్పడం ఎక్కడ మొదలవుతుందో, ఎంత దూరం పోతుందో, ఎక్కడ మళ్ళీ సర్దుకుంటుందో నా చర్మానికి తెలుసు. తెర మీద ఉన్నది అదే.

ఇంటికి పోయే ముందు రాజుగారిని అడిగాను, పాత పాయ ఎటు పోయేదని.

"నువ్వు ఎంగిలి గ్లాసులు కడుగుతావు చూడు, ఆ రాళ్ళే పాత రేవు మెట్లు. అక్కణ్ణుంచి ఇలా తిరిగి పోయేది" అని చేత్తో చూపించారు. ఆయన చెయ్యి మూడో మలుపు మీదుగా పోయింది.

ఇక్కడ నాకు నేను వేసుకున్న ప్రశ్నలు కూడా చెప్పాలి. షారోనుకు ఎవరైనా చెప్పి ఉంటారా? పడవ అమ్మేసిన ఏడు వాళ్ళ నాన్న ఇంకా ఉయ్యాలలోనే ఉన్నాడు. మా నాన్న షారోను పుట్టకముందే పోయాడు. పెదనాన్న మాట మా ఇంట్లో ఎత్తేవారు కాదు. నేను ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. దాని వీపు మీద గీయనూ లేదు. నా దగ్గరికి వచ్చేసరికి అది పెద్దపిల్ల. సరే, ఎవరో చెప్పారనే అనుకుందాం. మరి కోను మా ఇద్దరికీ పక్కనే ఎందుకు కనిపించింది?

ఆ సాయంత్రం షారోనుకు ఇదంతా చెప్పలేదు. మర్నాడు నడపాల్సిన పిల్ల. ఒక్క మాటే అన్నాను.

"రేపు నువ్వు ఎలా పోతున్నావో అలాగే పో తల్లీ."

"నేను లోపలికే పోతున్నానత్తా. అదే కదా గొడవ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రాత్రి వాన పడింది. పొద్దున్నే ఎండ కాసింది. ట్రాక్ ఆరాక ఇద్దరినీ నడపమన్నారు. ముందు షారోను. ట్రాకంతా ఆ పిల్ల ఎంత బాగా నడిపిందో నేను మాటల్లో చెప్పలేను. బయట నిలబడినవాళ్ళు గట్టు మీదకు ఎక్కి చూశారు. మూడో మలుపు దగ్గర మాత్రం మా అందరి కళ్ళముందే బయటి అంచుకు వెళ్ళి తిరిగింది. ప్రతి రౌండులోనూ అంతే. దిగి వచ్చి, "ఇవాళ కోనుని దాదాపు రాసుకునే పోయేను కదండి?" అని అడిగింది. శ్రీనివాస్ గారు లాప్‌టాప్ మూసేశారు. గీత చూపించలేదు.

తర్వాత కార్తీక్ వెళ్ళాడు. రెండు రౌండ్లు శుభ్రంగా తిరిగాడు. మూడో రౌండులో, మూడో మలుపు లోపలి అంచున, కోను పక్కన, రోడ్డు కుంగింది. పెద్ద శబ్దం ఏమీ రాలేదు. ముందు చక్రం దిగబడి, కారు గిర్రున తిరిగి గట్టుకు ఆనుకుని ఒక పక్కకు పడింది. మేం పరుగెత్తేసరికి బెల్టుకు వేలాడుతూ "బాగానే ఉన్నానండి, బాగానే ఉన్నాను" అంటున్నాడు. భుజం వాచింది, అంతే. దించాక నేల మీద కూర్చుని ఆ గోతిని చూశాడు.

అందరం చూశాం. తారు పెచ్చు లేచిపోయి, కింద మట్టి లేదు, నల్లటి నీళ్ళున్నాయి. మేం చూస్తుండగా ఆ నీళ్ళు నెమ్మదిగా ఒకవైపుకు తిరుగుతున్నాయి. కోను అందులో పడి, అదీ తిరుగుతోంది.

పూడ్చిన చోట వాననీళ్ళు దిగి మట్టి జారిందని, అడుగున పాత పాయ ఊట ఉందని తర్వాత వచ్చిన ఇంజనీరుగారు చెప్పారు. అది నేను నమ్ముతాను. రోడ్డు ఎందుకు కుంగిందన్నది నా ప్రశ్న కాదు.

ఆ మధ్యాహ్నం శ్రీనివాస్ గారు రెండు గీతలనూ మళ్ళీ పరిచారు. మూడో మలుపులో ఎవరినీ తూచడం న్యాయం కాదని, అది వదిలేసి మిగతా ట్రాకంతా లెక్క చూశారు. ప్రతి ముక్కలోనూ ఎర్రగీతే ముందుంది. రాజుగారు తల ఊపారు.

"సుడిగుండంలో పడ్డవాడిమీద జాలి కూడా లేదండి ఈ పెట్టెకి" అన్నాడు కార్తీక్ భుజం పట్టుకుని.

"నీకు టిఫిను ఊరికే పెడతాలే" అన్నాను.

"రోజూనా అండి?"

"కోయంబత్తూరు నుంచి అది వచ్చేదాకా."

ఆ రాత్రి షారోనుకు అన్నీ చెప్పాను. నాన్న సంగతి, పెదనాన్న సంగతి, వీపు సంగతి. చివరిదాకా వింది. తర్వాత నా వైపు వీపు తిప్పి, "గియ్యి అత్తా" అంది. గీశాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి, నేను వేలు తిప్పకముందే దాని భుజం అటు ఒరిగింది.

ఆ గోతిని తర్వాత రాళ్ళతో నింపి, రోడ్డును పక్కకు జరిపారు. అప్పటినుంచి ఆ పిల్ల గీతలో పొట్ట ఎప్పుడూ రాలేదు. కోయంబత్తూరులోనూ రాలేదు, శ్రీనివాస్ గారు ప్రత్యేకంగా వెతికారు. ఆ వారం గీతలు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. తెలిసినవాళ్ళకు పంపి అడిగారు. ఒకరు యంత్రం తప్పన్నారు, ఒకరు కంటి భ్రమన్నారు. రెండూ ఒకేసారి, ఒకే మలుపులో, ఆ ఒక్క పిల్లకే ఎలా వస్తాయో చెప్పినవాళ్ళు లేరు. నాకూ తెలియదు. నాన్నే చేశాడని అనను, చూడనిది అనలేను. పడవ తిప్పడంలో అంత నేర్పు ఉన్న మనిషి ఒకడు ఆ నీళ్ళ మీద తిరిగాడని మాత్రం చెప్పగలను.

రోడ్డు కుంగిన మర్నాడు ఆదివారం. ప్రార్థనకు గుడికి వెళ్ళే ముందు పాక దగ్గరికి వెళ్ళాను. షారోను ఇంకా రాలేదు. నల్లబల్ల మీద ముందురోజు టిఫిన్లు తుడిచేసి, సుద్దముక్క తీసుకుని ఆ మలుపు గీశాను. అప్పటిదాకా నేను బల్ల మీద ఏదీ గీసి ఎరగను. షారోను వచ్చి చూసి నిలబడిపోయింది.

"దీని కింద తాత పేరు రాయి" అన్నాను. రాసింది. దాన్ని చూసి, దాని కింద నేను రాశాను. 'దా' కుదిరింది. 'వీ' గుడిదీర్ఘం సరిగా రాలేదు. కొంగుతో తుడిచి మళ్ళీ రాశాను. ఈలోగా నలుగురు వచ్చి బల్ల ముందు నిలబడి, ఇవాళ టిఫిన్లేంటండీ అని అడుగుతున్నారు. ఉండండి అన్నాను, ఇంకో అక్షరం ఉంది.